బొమ్మల పట్టణము

మా పాఠశాల వార్షిక సంచికకు ఏదేని యొక వ్యాసము పంపుడని సంపాదకులు కోరిరి. పూర్వ విద్యార్థులు తమ గురువులను గూర్చియో, తాము చేసిన యాత్రలను గూర్చియో వ్రాయుట వాడుక. మేము ఒక ఆటను గూర్చి వ్రాయదలచితిమి. అదియు కంప్యూటరుమీద ఆడు ఆట. తల్లిదండ్రులు ఈ మాట చదివినంతనే పుట త్రిప్పివేయకుందురు గాక! మొదట మేమును ఆ ఆటకు శత్రువులమే.

2009 వ సంవత్సరము జూన్ మాసమున, డాలసు నగరమున కాపురమున్న మా అక్క తన కుమారునితో కరీంనగరమునకు వచ్చి రెండు మాసములుండెను. బాలునికి పదునొకండేండ్లు. అమెరికాలోనే పుట్టి పెరిగినవాడగుటచే తెలుగు వినిన కొంత అర్థమగును గాని నోట పలుకదు. మా కుమార్తెకు అప్పుడు పదేండ్లు. ఆమె తెలుగు మాధ్యమమున ఐదవ తరగతి చదువుచుండెను. ఆమెకు వచ్చిన ఇంగ్లీషు అంతయు పాఠముల చివరనుండు ప్రశ్నలకు జవాబులే. బావయు మఱదలును మూడు దినములు ఒకరి నొకరు చూచి తలలు వంచుకొనుటయే గాని యొక్క మాట ఆడుకొనలేదు.

మా అమ్మకు ఇది చూడ సహింపలేదు. నాలవనాటి మధ్యాహ్నము ఆమె సుద్దముక్క తీసికొని అరుగుమీద అడ్డము ఐదు, నిలువు ఐదు గళ్లు గీసెను. నాలుగు చింతగింజలను ఒక ప్రక్క మాత్రము బండకు రాచి తెల్లచేసెను. పిల్లల నిద్దఱిని చెరియొక వైపున కూర్చుండబెట్టి తాను మూడవ వైపున, మా అక్కను నాలవ వైపున నుంచి అష్టాచెమ్మ ఆరంభించెను. నాలుగు గింజలును తెల్లగా పడిన చెమ్మ, నాలుగును నల్లగా పడిన అష్ట. ఆ రెండింటిలో ఏది పడినను మఱల వేయు హక్కు కలదు. కాయ చచ్చినయెడల బయలుదేఱిన ఇంటికే పోయి మొదటినుండి రావలయును. ఎదుటివారి కాయ నొక్కటియైన చంపనిదే లోపలి వరుసలోనికి పోరాదు. ఈ నియమముల నన్నిటిని మా అమ్మ నోటితో గాక వ్రేలితోనే చెప్పెను. పావుగంటలో బాలునికి ఆట వచ్చెను. సాయంకాలమునకు వాడు "చెమ్మ!" అని కేకవేయుచుండెను. మఱదలి కాయను చంపినపుడు వాని ముఖమున కనబడిన సంతోషమునకు ఏ భాషయు అక్కఱలేకపోయెను.

ఆటకు ఆట చెల్లింపవలెనని కాబోలు, ఆ వారమే యొక వానపట్టిన సాయంకాలమున వాడు తన తల్లి లాప్‌టాప్ తెచ్చి మా ఇంటి బి.ఎస్.ఎన్.ఎల్. తీగకు తగిలించి టూన్‌టౌన్ అను ఆటను చూపెను. అది డిస్నీ సంస్థ 2003 వ సంవత్సరము జూన్ 2 వ తేదీన అమెరికాలో విడుదలచేసిన ఆట. దేశమున ఏ మూలనున్న పిల్లలైనను తమతమ ఇండ్లలో కూర్చుండి ఒకే బొమ్మల పట్టణమున ఒక్కసారిగా తిరుగుచు ఆడుకొనవచ్చును. ఆరంభమున నెలచందా తొమ్మిది డాలర్ల తొంబదియైదు సెంట్లు. మా అక్క వాని కొఱకు ఆ చందా కట్టుచుండెను. ఒక్క చందాతో ఆఱు బొమ్మలవరకు చేసికొన వీలుండుటచే, మా కుమార్తెకు ఒక బొమ్మను చేయించెదనని వాడు కూర్చుండబెట్టెను.

ఆ బొమ్మకు టూన్ అని పేరు. కుక్క, పిల్లి, గుఱ్ఱము, ఎలుక, కుందేలు, బాతు మొదలగు జంతువులలో నొకదానిని కోరుకొనవలయును. పిమ్మట తల యొకచోట, మొండెము ఒకచోట, కాళ్లు ఒకచోట ఏరుకొని కలుపవలయును. పొట్టి మొండెమునకు పొడవు కాళ్లు తగిలింపవచ్చును. తరువాత రంగు, చొక్కా. మా అమ్మ కండ్లజోడు సరిచేసికొని వెనుకనుండి చూచుచు, "ఇది నిర్మల్ బొమ్మ లెక్కనే ఉన్నదిగదరా" అనెను. ఆమె పుట్టినిల్లు నిర్మల్ ప్రాంతము. నేడు నిర్మల్ వేఱు జిల్లాయైనది గాని ఆనాడు ఆదిలాబాదు జిల్లాలోనిదే. అచ్చటి పనివారు పొనికి కఱ్ఱను చెక్కి, అవయవములను వేఱువేఱుగా తీర్చి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అతికి, ఆఱిన పిమ్మట రంగులు వేయుదురు. పొనికి కఱ్ఱ మిగుల తేలిక. అందుచే ఆ బొమ్మ చేతిలో నున్నదో లేదో తెలియదు. చింతగింజ ఆటకును పనికివచ్చునని, బొమ్మకును పనికివచ్చునని ఆ సాయంకాలమున మాకు తోచినది. బాలుడు ఈ పోలికను విని, ఆ బొమ్మలను చూపుడని పట్టుపట్టగా, తరువాతి ఆదివారము అందఱమును బస్సులో నిర్మల్ పోయివచ్చితిమి. వాడు ఒక పొనికి పిల్లిని కొనుక్కొని డాలసునకు తీసికొనిపోయెను. అది నేటికిని వాని బల్లమీద నున్నది. ఒక చెవి విరిగినదట.

ఇక ఆ పట్టణపు కథ. టూన్లు ఆటపాటలతో కాలము పుచ్చువారు. వారి శత్రువులు కాగ్‌లు అను ఇనుప మనుష్యులు. వీరందఱును కోటు తొడిగి, టై కట్టిన ఉద్యోగులు. పట్టణములోని రంగురంగుల అంగళ్లను పట్టుకొని బూడిదవన్నె కార్యాలయములుగా మార్చివేయుటయే వారి పని. వారు ఏమి చెప్పినను అవునవునని తల యూపువాడొకడు, పెన్సిలు త్రోసికొని బ్రతుకువాడొకడు, ఉద్యోగములు ఊడగొట్టువాడొకడు, ఇంటింటికి ఫోను చేసి సరకు లమ్మజూచువాడొకడు. ఎఱ్ఱ టేపుతో చుట్టివేయుటయు, రబ్బరు ముద్రతో కొట్టుటయు వారి యుద్ధవిద్యలు. టూన్లు వారిమీద ప్రయోగించు ఆయుధములన్నియు హాస్యపు సాధనములే. క్రీము నింపిన తీపి రొట్టెను ముఖమునకు విసరుదురు. చొక్కాకు గ్రుచ్చుకొన్న పూవునుండి నీళ్లు చిమ్ముదురు. నెత్తిన పూలకుండీ పడవేయుదురు. కాగ్ హాస్యమును ఓర్వలేడు. ఓర్వలేక పగిలిపోవును.

మేము ఒక కార్యాలయమున గుమాస్తాలము. ఆ దినము ఇంటికి వచ్చునప్పటికి మా చంకలో ఫైళ్ల కట్టయుండెను. ఆ కట్టకు ఎఱ్ఱ టేపే యుండెనని వేఱుగా చెప్పనక్కఱలేదు. పిల్లలిద్దఱును తెఱవైపు చూచి, మా వైపు చూచి, మఱల తెఱవైపు చూచి విరగబడి నవ్విరి. "మామయ్య కాగ్!" అని బాలుడు రెండే మాటలలో తీర్పు చెప్పెను. అది వాడు తనంత తానుగా కట్టిన మొదటి తెలుగు వాక్యము కాబోలు. మా అమ్మయు నవ్వెను. మాకు మాత్రము కోపమే వచ్చెనని ఒప్పుకొనుచున్నాము. ఇంత నిష్ఠగా పనిచేయువారిని పిల్లలచేత నవ్వించు ఆటను ఎవడు చేసెను, ఎందులకు చేసెనను శంక కూడ ఆనాడే పుట్టెను. గుమాస్తా శంకపడిన కాగితము తిరగవేయక మానడు. ఆ రాత్రియు, పిమ్మట పెక్కు రాత్రులును మేము ఈ ఆట పుట్టుపూర్వోత్తరములను చదివితిమి.

ఆటను చేసినవారు డిస్నీ సంస్థలోని వి.ఆర్. స్టూడియో అను చిన్న బృందము. వారు మొదట ఇంటి ఆటలు చేసినవారు కారు. అమెరికాలో ఆర్లాండో యొద్ద 1998 లో తెఱచి 2017 లో మూసివేసిన డిస్నీక్వెస్ట్ అను వినోదశాలకు వింతలు చేసినవారు. అందులో నొకటి సముద్రపు దొంగల నౌక. ఒకరు చుక్కాని పట్టుదురు, తక్కినవారు ఫిరంగులు పేల్చుదురు, మొత్తము నలుగురు. టూన్‌టౌన్‌లోను ఒక పోరులో నలుగురే చేరవచ్చును. మా అరుగుమీది అష్టాచెమ్మకును నలుగురే. ఈ మూడింటికిని సంబంధమున్నదని మేము చెప్పము. కాని ఇంటిలో నెవరైన నలుగురు చిక్కుట తేలికయని ఎల్ల దేశములవారును కనుగొన్నట్లున్నది. ఈ రెండు పనులలోను ముఖ్యుడు జెస్సీ షెల్ అను నాతడు. అతడు మునుపు బంతుల నెగురవైచి పట్టుకొను ప్రదర్శకుల బృందములలో పనిచేసినవాడు. తరువాత పిట్స్‌బర్గులోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున ఆటల నిర్మాణమును బోధించెను. పని యొక వైపు, ఆట యొక వైపు నిలిచి పోరాడుటయే టూన్‌టౌన్‌కు మూలభావము. గుమాస్తాలమీద వారికి పగయేమియు లేదు. రోజంతయు కంప్యూటరు ముందు కూర్చుండి పనిచేసినవారే గదా వారును!

ఆ బృందము బొమ్మలను తెఱమీద కదలించుటకు తామే యొక యంత్రభాగమును వ్రాసికొనిరి. దానికి పాండా అని పేరు. వినినవారు ఎలుగుబంటి జాతి జంతువనుకొందురు. అది ఐదు ఇంగ్లీషు పదముల మొదటి అక్షరములు కూర్చిన పేరు. ఏ రకపు కంప్యూటరైనను సరే, పలువురిని కలిపి ఒకే దృశ్యమును చూపు నిర్మాణమని దాని తాత్పర్యము. డిస్నీవారు దీనిని 2002 లో, అనగా ఆట విడుదలకు ముందే, ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చునని లోకమునకు వదలిరి. కార్నెగీ మెలన్ వారు దానిని చేరదీసి పెంచిరి. నేడును అది ఉచితమే. దానిని నడిపించు భాష పైథాన్. మన పాఠశాల పైతరగతుల విద్యార్థులు పైథాన్ పేరు వినియే యుందురు. ఉత్సాహముగలవారు తమ పట్టణమును తామే కట్టుకొనవచ్చును. అందు కాగ్‌లకు గుమాస్తాల వేషము వేయకుడని మాత్రము మా మనవి.

అందఱకంటె మమ్మాకర్షించినది రెండు నియమములు. ఈ ఆటలో చావు లేదు. టూన్‌కు మొదట పదునైదు నవ్వులుండును. కాగ్ కొట్టిన కొలదిని నవ్వులు తఱుగును. అన్నియు పోయిన టూన్ చచ్చిపోడు. దుఃఖించి, తలవంచుకొని, ఆటస్థలమునకు పోయి అచ్చట మెల్లమెల్లగా నవ్వులు కూడదీసికొనును. మా అష్టాచెమ్మలో చచ్చిన కాయ ఇంటికి పోవుటయు ఇట్టిదే గాని, మనము దానిని చంపుట యందుము, వారు ఆ మాట తలపెట్టరు. రెండవది, ఇతరులను నవ్వించి వారి నవ్వులను పెంచు విద్య యొకటి కలదు. ఆ విద్యను ఎంత నేర్చినవాడైనను తనమీద తాను ప్రయోగించుకొనలేడు. ప్రక్కవానిమీదనే పనిచేయును. ఒంటరిగా పోరు చేయుచున్నప్పుడు అది చేతిలోనున్నను వ్యర్థమే. పిల్లల ఆటలో ఇట్టి నియమము నెవరు పెట్టిరో ఆతని పేరు మాకు దొఱకలేదు.

ఇక మాటల సంగతి. పరిచయములేని పిల్లలు వేలకొలది ఒకచోట చేరిన, వారిలో పిల్లలు కానివారును చేరవచ్చును. వారు ఏమి మాటలాడుదురో ఎవరు కాచియుండగలరు? ఈ చిక్కు డిస్నీవారికి టూన్‌టౌన్‌కు ముందే ఎదురైనది. 1990 దశకపు నడుమ హెర్క్‌వరల్డ్ అను మఱియొక బొమ్మల లోకమును వారు తలపెట్టిరి. ఏ బిడ్డయు వేధింపునకు గురికారాదు, తాను వేధింపబడుచున్నానని ఆ బిడ్డకు తెలియకున్నను సరే, అని వారు పెట్టుకొన్న కట్టుబాటు. అందుచే దోషములేని పదములనే ఏరి, వాక్యపు మూసలు చేసి, ఆ పదములనే కూర్చి మాటలాడుకొనునట్లు ఏర్పాటు చేసిరి. పదునాలుగేండ్ల బాలుని నొకనిని పిలిచి పరీక్షింపుమనిరి. ఆతడు కొలది నిమిషములలోనే, ఆ అమాయకమైన పదములతోనే, ఈ సంచికలో అచ్చువేయరాని వాక్యమొకటి తయారుచేసెను. అందున్నవి కుందేలు, జిరాఫీ వంటి సాధుజంతువుల పేర్లే! ఈ ముచ్చటను రాండీ ఫార్మర్ అను నాతడు వ్రాసియుంచెను. ఆతడు 1980 దశకమునందే హాబిటాట్ అను మొదటి బొమ్మల లోకములలో నొకదానిని కట్టినవారిలో నొకడు. బడిపిల్లల మధ్య బ్రతికిన ఉపాధ్యాయులకు ఈ కథ వింతగా తోచదనుకొందుము.

టూన్‌టౌన్‌వారు కావున పదముల జోలికి పోలేదు. వాక్యములనే ముందుగా వ్రాసిపెట్టిరి. దీనికి స్పీడ్‌చాట్ అని పేరు. నమస్కారము, నా వెంట రమ్ము, సాయము చేయుము, కృతజ్ఞుడను, క్షమింపుము, మఱల కలిసికొందము — ఇట్టివి పట్టికలుగా నుండును. కోరినదానిని నొక్కిన బొమ్మ తలపై మాట వెలువడును. పట్టికలో లేనిది పలుక వీలులేదు. పేరు అడుగ వీలులేదు, ఊరు చెప్ప వీలులేదు. అమెరికాలో 1998 లో చేసి 2000 ఏప్రిల్ నుండి అమలుపఱచిన చట్టము, పదుమూడేండ్లకు లోబడిన పిల్లల వివరములను తల్లిదండ్రుల అనుమతి లేక సేకరింపరాదని నిర్బంధించెను గనుక ఈ జాగ్రత్త మఱింత యవసరమైనది. బయట ముందే పరిచయమున్న ఇద్దఱు మాత్రము రహస్యసంఖ్య నొకదానిని ముఖాముఖిగనో ఫోనులోనో చెప్పుకొని, దానిని ఆటలో వ్రాసిన, పెద్దల అనుమతిపై స్వేచ్ఛగా మాటలాడుకొనవచ్చును.

మా ఇంటి పిల్లలకు ఈ పట్టికలు వరమైనవి. బావకు తెలుగు రాదు, మఱదలికి ఇంగ్లీషు రాదు. పట్టికలోని వాక్యములు ఇద్దఱికిని సమానమే. మా కుమార్తె వారము దినములలో వానిని అర్థముతో గూడ కంఠస్థము చేసెను. ఐదేండ్ల ఇంగ్లీషు చదువు చేయలేని పని అది. ఆగష్టులో బాలుడు తిరిగిపోయిన పిమ్మటగూడ ఆట సాగెను. చందా కట్టనివారికి పట్టణములో కొంతభాగమే తెఱచియుండెడిది. ఆ భాగముతోనే మా కుమార్తె తృప్తిపడెను. ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు కరీంనగరములో ఆమె కూర్చుండును. డాలసులో అది శనివారము రాత్రి తొమ్మిదిన్నర. బాతు బొమ్మయై బావ వచ్చును, పిల్లి బొమ్మయై మఱదలు వచ్చును. ఒకరి ముందొకరు నిలిచి నమస్కారము, నా వెంట రమ్ము అనుకొని పోరునకు పోవుదురు. కరెంటు పోయెనా, బాతు ఒంటరి యగును. ఆనాడు కరెంటు పోనిదెప్పుడు?

కొన్ని వారములకు వారితో మూడవ బొమ్మ యొకటి చేరెను. అది నీలివన్నె కుక్క. అది ఎవరిదో తెలియదు. ప్రతి ఆదివారము అదే వేళకు ఆటస్థలమున నుండెడిది. నవ్వించు విద్య దానికి వచ్చియుండెను. మా కుమార్తె నవ్వులు తఱిగినప్పుడెల్ల అది తన వంతు పోరాటము మానుకొని ఆమెనే నవ్వించెడిది. ఆమె కృతజ్ఞురాలననును, అది మఱల కలిసికొందమనును. ఇంతే. రెండు మాసములిట్లు జరిగెను. అప్పుడు మా కుమార్తెకు ఆ కుక్క పేరు తెలిసికొనవలెనను కోరిక పుట్టెను. పట్టికలన్నియు వెదకెను. "నీ పేరేమి" అను వాక్యము లేదు. ఫోనులో బావ నడిగెను. పిల్లలు కనుగొన్న ఉపాయమొకటి వాడు చెప్పెను. ఆటలో టూన్లకు ఇండ్లుండును. ఇంటిలోని పటములను, సామానులను ఎటుబడిన అటు జరుపవచ్చును. వానిని అక్షరముల యాకారమున, అంకెల యాకారమున నమర్చి, పరిచయములేని వారికిగూడ రహస్యసంఖ్యను చదివింపవచ్చునట! ఎన్ని గోడలు కట్టినను పిల్లలు ఇటుక సందున మాటను దూర్తురని రాండీ ఫార్మరును ఈ ఉపాయము నుదాహరించెను.

మేము ప్రక్కగదిలోనుండి ఈ సంభాషణ వింటిమి. ముందువెనుక లాలోచింపక పోయి ఫోను లాగుకొంటిమి. ఎవరో ఎఱుగని వానికి ఇంటి సంగతులు చెప్పెదవాయని కసరి, కంప్యూటరు తీగ పెఱికి బీరువాలో పెట్టి తాళమువేసితిమి. ఆమె ఏడ్చెను. "వాడు నాకు ఏమీ చెయ్యలే నాన్నా, నవ్విచ్చుడే చేసిండు" అని ఏడ్చెను. మా భయము అకారణమని నేటికిని మేమనము. ఆ నీలి కుక్క వెనుక పదేండ్ల పాప యుండెనో, ఏబదియేండ్ల పురుషుడుండెనో మాకు తెలియదు. తెలియరాకుండుటకే గదా వాక్యములు ముందే వ్రాసిపెట్టబడినవి. తప్పు భయపడుటలో లేదు. ఆమెకు కారణము చెప్పకుండుటలో నున్నది. రాత్రులు కూర్చుండి హెర్క్‌వరల్డ్ కథ చదివినవారమే, ఆ కథను కుమార్తెకు చెప్పవలెనని ఒక్కసారియైన తోచలేదు. కార్యాలయమునుండి వచ్చి తాళము వేయుట మాత్రము తోచినది. బాలుని తీర్పు సరియేనేమో!

ఆ రాత్రి భోజనముల వేళ మా అమ్మ ఈ సంగతి యంతయు విని కొంతసేపు ఊరకుండి, "గా డబ్బల ఎన్ని ముచ్చట్లుంటయి?" అని అడిగెను. వందల కొలది యుండుననితిమి. "నాకన్న నయమే. నేను ఫోన్ల నాలుగే మాట్లాడుత" అనెను.

నిజమే. మా అక్క అమెరికా పోయిన నాటినుండి మా అమ్మ ఫోనులో పలికిన వాక్యములు నాలుగు. మంచిగున్నవా, తిన్నవా, ఎప్పుడొస్తరు, పైలం బిడ్డా. మొదటి దినములలో నిమిషమునకు ఇంత యని లెక్కగట్టి మాటలాడవలసి వచ్చెను గనుక ఆ నాలుగే మిగిలియుండును. ధరలు తగ్గినను ఆ నాలుగు పెరుగలేదు. మనుమనితో నయిన మఱియు కష్టము. వాడు పలుకునది ఆమెకు తెలియదు. ఆమె పలుకునది వానికి సగమే తెలియును. అయినను ప్రతి ఆదివారము ఆమె అడుగును, వాడు "తిన్న అమ్మమ్మా" అనును. ఈ జిల్లాలలోని ఇండ్లలో ఈ వాక్యములు తెలియని ఇల్లు తక్కువ. దుబాయి, మస్కటు, బహరేను పోయిన కొడుకులతో ఎన్ని అరుగులమీద, ఎన్ని పొలముగట్లమీద ఇవే నాలుగు పలుకబడుచున్నవో లెక్కింపజాలము. జగిత్యాలలో, సిరిసిల్లలో బస్సు నిలిచినప్పుడెల్ల ప్రక్క సీటులోనుండి "తిన్నవా" అను మాట మేము వినుచునేయుందుము.

మఱునాడు మేము బీరువా తాళము తీసితిమి. కుమార్తెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని హెర్క్‌వరల్డ్ బాలుని కథ చెప్పితిమి. కుందేటి వాక్యము మాత్రము చెప్పలేదు. ఎందుకు పేరడుగ వీలులేదో, ఎవరెవరు ఆ మూలల నుండవచ్చునో మా చేతనైనంత వివరించితిమి. ఆమె శ్రద్ధగా విని, "అయితే పేరు అడగ. కలుస్త" అనెను. ఆదివారము వచ్చెను. నీలి కుక్క వచ్చెను. పేరడుగలేదు. మఱియొక మూడు మాసములు వారట్లే ఆడుకొనిరి. పిమ్మట అది రాలేదు. చందా మానిరో, పెద్దవారైరో, పరీక్షలు వచ్చెనో. మా కుమార్తె కొన్ని వారములు ఆటస్థలమున నిలిచి చూచెను.

2012 సంక్రాంతి దాటిన పిమ్మట మా అమ్మ కాలము చేసెను. మా అక్క వచ్చెను, బాలునికి బడియుండుటచే రాలేకపోయెను. అప్పటికి వాడు పదునాలుగేండ్లవాడు.

2013 ఆగష్టు 20 వ తేదీన డిస్నీవారు టూన్‌టౌన్‌ను సెప్టెంబరు 19 న మూసివేయుదుమని ప్రకటించిరి. పదేండ్లు నడచిన పట్టణమది. మిగిలిన ఆ నెల దినములు ఆడువారందఱికిని చందా లేకుండ ద్వారములన్నియు తెఱచిరి. మూసిన పిమ్మట ఊరకుండలేని అభిమానులు కొందఱు టూన్‌టౌన్ రీరిటెన్ అను పేర దానిని మఱల కట్టి, చందా లేకుండ నడుపుచున్నారు. ఈ తరము పిల్లలు కోరిన అచ్చట చూడవచ్చును. మా ఇంటివారికి మాత్రము ఆ మొదటి పట్టణమే పట్టణము.

సెప్టెంబరు 15 ఆదివారము. అప్పటికి ఇద్దఱును ఆట మానివేసి చాలకాలమైనది. ఫోనులో ఎంతయైనను మాటలాడుకొనగలవారైరి. వానికి తెలుగు కొంత వచ్చినది, ఆమెకు ఇంగ్లీషు బాగుగనే వచ్చినది. అయినను ఉదయము ఎనిమిదికి ఆమె కంప్యూటరు ముందు కూర్చుండెను. మేమును వెనుక నిలిచితిమి. ఆటస్థలము తిరునాళ్లవలె నుండెను. ఎన్నో యేండ్లుగా రానివారందఱును వచ్చియుండిరి. ఎటు చూచినను తలలపై అవే వాక్యములు, నమస్కారములు, వీడుకోళ్లు. వారిలో నీలివన్నె కుక్కలు పెక్కుండెను. వానిలో ఏది అదియో తెలిసికొను వీలు లేకపోయెను. మా కుమార్తె నాలుగైదింటి ముందు నిలిచి కృతజ్ఞురాలను అని నొక్కెను. అన్నియు బదులు పలికెను.

బాతు వచ్చి పిల్లి ముందు నిలిచెను. మఱల కలిసికొందము అనెను. ఆమెయు అదే నొక్కెను. కొంతసేపు రెండు బొమ్మలును ఊరక నిలిచెను. ఆమె తెఱ నార్పివేసెను.

నిమిషమైన కాకమునుపే మా అమ్మ మంచము దగ్గఱి పాత ఫోను మ్రోగెను. ఆ సంఖ్యకు ఏడాదిన్నరగా డాలసునుండి ఎవరును పిలువలేదు. మేమే ఎత్తితిమి. అవతల కొంతసేపు మౌనము. పిమ్మట మగపిల్లవాని గొంతు, అప్పుడప్పుడే బొంగురుపోవుచున్న గొంతు, "మామయ్యా, తిన్నవా?" అని అడిగెను.

తినలేదు గాని, తింటిమని చెప్పితిమి.